షాపువాడి బ్రాండ్ స్టీరియో: జనం ఏం చూసి కొంటారు?

పేరున్న కంపెనీల సరుకు పక్కనే ఉండగా షాపువాడి సొంత బ్రాండ్ స్టీరియో ఎందుకు తీసుకున్నావని అడిగితే ఎవరైనా చెప్పే మొదటి మాట ఒకటే, చవక. అబద్ధమేం కాదు. కానీ చవకే కావాలనుకుంటే ముక్కూ మొహం తెలియని బ్రాండ్లు అంతకన్నా తక్కువకి ఎప్పుడూ దొరుకుతూనే ఉంటాయి. జనం వాటి జోలికి పోకుండా, ఫలానా షాపులో తప్ప ఇంకెక్కడా కనిపించని పేరున్న పెట్టెను ఏరుకుని మరీ ఇంటికి మోసుకెళ్తారు. అంటే ఇక్కడ ధర ఒక్కటే కాదు, ఇంకేదో కూడా పనిచేస్తోంది.

నాకు తోచింది చెప్తాను. స్టీరియో అనేది కొనేవాడికి తూకం వేసుకోవడం చేతకాని సరుకు. చొక్కా అయితే బట్ట పట్టుకుని చూస్తాం. ఆంప్లిఫయర్ మూత విప్పి చూపించినా లోపలున్నది మనలో చాలామందికి అర్థం కాదు, స్పీకర్ వినిపించినా అది ఆ షాపు గదిలో ఎలా మోగిందో తెలుస్తుంది తప్ప మన ఇంట్లో ఎలా మోగుతుందో తెలియదు. తూకం మనకు రానప్పుడు ఏం చేస్తాం? తూకం వేసేవాణ్ని చూసి కొంటాం. ఈ వ్యాపారమంతా ఆ ఒక్క సంగతి మీద నడిచింది. షాపులు ఆ నమ్మకానికి తగ్గ సరుకు ఇచ్చిన సందర్భాలున్నాయి, దాన్ని తాపీగా సొమ్ము చేసుకున్న సందర్భాలూ ఉన్నాయి, రెండూ ఒకే కౌంటర్ మీద జరిగాయి.

ముందు ఫ్యాక్టరీ సంగతి. సొంత బ్రాండ్ అంటే షాపువాడు సొంతంగా తయారు చేసినది అని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అలా ఉండదు, పేరు షాపుది, పని ఇంకొకరిది. ఈ ఆట అమెరికా పెద్ద గొలుసు దుకాణాల్లో పాతది. సియర్స్ వాళ్లు సిల్వర్‌టోన్ అని, మాంట్‌గోమరీ వార్డ్ వాళ్లు ఎయిర్‌లైన్ అని, జేసీ పెన్నీ వాళ్లు ఎంసీఎస్ అని పేర్లు పెట్టి అమ్మారు. ఒక్క సియర్స్ కథే చూడండి. వాళ్లకు ఏళ్ల తరబడి సరుకు చేసిపెట్టింది వార్విక్ అనే కంపెనీ, 1970ల్లో దాని ప్లాంటు జపాన్ కంపెనీ సాన్యో చేతికి పోయింది, సియర్స్ సరుకు మాత్రం వస్తూనే ఉంది. షాపులో నిలబడి కొనేవాడికి ఇవేవీ కనిపించవు. ఎంసీఎస్ పేరుతో వచ్చిన రిసీవర్లలో (రేడియో ట్యూనర్, ఆంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండేవి) జపాన్ కంపెనీ ఎన్‌ఈసీ చేసినవి ఉన్నాయి, టెక్నిక్స్ బ్రాండ్ వెనకున్న మత్సుషితా అనే ఇంకో జపాన్ కంపెనీ చేసినవీ ఉన్నాయి. అదే ఫ్యాక్టరీ, దాదాపు అవే విడిభాగాలు, ముందు పలక మీద పేరు మాత్రం వేరు.

లోగుట్టు పెరుమాళ్ళకెరుక అని వదిలేయక్కర్లేదు, కాస్త ఓపికుంటే దొరుకుతుంది. సియర్స్ సరుకు వెనక అంటించిన మోడల్ నంబర్‌లో చుక్కకు ముందు వచ్చే అంకెలు తయారీదారుడి కోడ్, పాత సామాను పోగుచేసేవాళ్లు ఆ కోడ్‌ల జాబితాలు పెట్టుకుని మరీ తిరుగుతారు. బ్లూటూత్, వైఫై ఉన్న ఇప్పటి పెట్టెలైతే అమెరికాలో ఎఫ్‌సీసీ (రేడియో పరికరాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) నంబర్ లేకుండా అమ్మకూడదు, ఆ నంబర్ కొట్టి వెతికితే దరఖాస్తు ఎవరు పెట్టారో, లోపలి బోర్డు ఫోటోలు ఎలా ఉన్నాయో కూడా చాలాసార్లు బయటపడతాయి. ఇది తెలిసినవాళ్లకు సొంత బ్రాండ్ అంటే పేరు తాలూకు ఖర్చు తీసేసిన అదే సరుకు. తెలియనివాళ్లకు షాపు మీద భరోసా. తమాషా ఏంటంటే ఏమీ తెలియనివాళ్లూ, మరీ ఎక్కువ తెలిసినవాళ్లూ ఒకే పెట్టె కొంటారు. పేరు కోసం చేతి చమురు వదిలించుకునేది ఎక్కువగా ఆ మధ్యలో ఉన్నవాళ్లు, అంటే పత్రికల్లో రివ్యూలు చదివి సగం సగం తెలుసుకున్నవాళ్లు. నా మాట కొందరికి నచ్చదని తెలుసు.

అయితే షాపు పేరున్న ఆంప్లిఫయర్ పేరున్న కంపెనీదానితో సమానమని కొనేవాడికి ధైర్యం ఎలా వచ్చింది? ఇక్కడ ఒక రూలు పాత్ర ఉంది. అంతకుముందు వాట్ల లెక్క ఎవరి నోటికొచ్చినట్టు వాళ్లు చెప్పేవాళ్లు. క్షణకాలం ఎగిసిన శిఖరాన్ని కొలిచి, రెండు ఛానెళ్లూ (ఎడమ, కుడి స్పీకర్లకు వెళ్లేవి) కలిపి, దాన్ని ఇంకాస్త పెంచి పెట్టె మీద అచ్చు వేసేవాళ్లు. 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆంప్లిఫయర్ల మీద నిబంధన తెచ్చింది. ఆగకుండా ఇవ్వగలిగే పవర్ ఎంత, ఒక్కో ఛానెల్‌కి ఎంత, ఎన్ని ఓమ్‌ల లోడ్ (స్పీకర్ కరెంటుకు పెట్టే అడ్డు) మీద, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా, ఎంత డిస్టార్షన్‌తో (శబ్దం వంకర పోవడం), ఇవన్నీ చెప్పి తీరాలి. కొలిచేముందు పెట్టెను చెప్పిన పవర్‌లో మూడో వంతు దగ్గర గంటసేపు నడపాలన్నది అందులో ఒక షరతు. వినడానికి చిన్నదిగా ఉంది కానీ అప్పటి మామూలు రకం ఆంప్లిఫయర్ బాగా వేడెక్కేది ఇంచుమించు ఆ స్థాయిలోనే, కాబట్టి లోపల సన్నపాటి అల్యూమినియం రేకు పెట్టి హీట్ సింక్ (వేడిని బయటికి పంపే భాగం) అని సరిపెట్టినవాడి బండారం అక్కడే బయటపడేది. తర్వాత ఆ మూడో వంతును ఎనిమిదో వంతుకు తగ్గించారు.

ఈ నిబంధన వచ్చింది కొనేవాడి కోసం, కానీ దానివల్ల ఎక్కువ లాభపడింది సొంత బ్రాండ్లేమో అనిపిస్తుంది. ఎందుకంటే ఇప్పుడు రేడియోషాక్ అనే గొలుసు దుకాణాల సొంత రిసీవర్ మీదున్న వాట్లూ, పేరున్న మరాంట్జ్ కంపెనీ రిసీవర్ మీదున్న వాట్లూ ఒకే త్రాసులో తూగినవి. అంకె ఒకటే అయినప్పుడు పేరుకి ఎందుకు డబ్బు పోయాలన్న ప్రశ్న సహజంగా వస్తుంది. 1982లో సీడీ వచ్చాక ఇదే ఇంకో రూపంలో జరిగింది. డిస్క్ మీద పాటను అంకెల్లో రాసే కొలత అందరికీ ఒకటే, 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్, ఎవరి ప్లేయర్ అయినా చదవాల్సింది అదే, లోపలి చిప్‌లు చేసే కంపెనీలు కొన్నే. ప్రమాణం ఎంత గట్టిగా బిగిస్తే పేరు విలువ అంత పలచబడుతుంది.

ధర కథలోనూ ఒక చట్టం ఉంది. అమెరికాలో ఫెయిర్ ట్రేడ్ చట్టాలని ఉండేవి. తయారీదారుడు తన సరుకును ఇంతకన్నా తక్కువకి అమ్మకూడదని షాపులకు షరతు పెట్టొచ్చు. 1937లో వచ్చిన మిల్లర్-టైడింగ్స్ చట్టం దానికి కేంద్ర స్థాయిలో అండ ఇచ్చింది, 1975లో దాన్ని రద్దు చేశారు. ఆ చట్టాలు నడిచినంతకాలం పేరున్న బ్రాండ్ ధర ఏ షాపులోనైనా ఒకటే, బేరం లేదు, షాపువాడు కొనేవాణ్ని ఆకట్టుకోవాలంటే తన చేతిలో ఉన్న ధర కావాలి, అది సొంత బ్రాండ్‌కే ఉంటుంది. మరి రద్దయ్యాక సొంత బ్రాండ్ అవసరం తగ్గాలి కదా? తిరగబడింది. ఇప్పుడు ఎదురు షాపువాడు పేరున్న రిసీవర్‌ను ఎంత తగ్గిస్తే మనమూ అంత తగ్గించాలి, ఆ పోటీలో లాభం అడుగంటింది. కాబట్టి పేరున్న రిసీవర్‌ను ఎరగా ముందు పెట్టి, దాని పక్కన ఎవరూ ధర పోల్చలేని సొంత స్పీకర్లు పెట్టి, మధ్యలో ఒక టర్న్‌టేబుల్ (గ్రామఫోన్ రికార్డులు తిప్పేది) చేర్చి 'పూర్తి సిస్టమ్' అని ఒకే ధర చెప్పడం మొదలైంది. పసిఫిక్ స్టీరియో అనే గొలుసు దుకాణాల సొంత బ్రాండ్ క్వాడ్రాఫ్లెక్స్ పేరు ఆ కాలం వాళ్లకు ఇప్పటికీ గుర్తే. ఎక్కడైనా తక్కువకి దొరికితే తేడా డబ్బు వాపసు ఇస్తామని షాపువాడు ఎంత గట్టిగానైనా హామీ ఇవ్వగలడు, ఆ స్పీకర్ ఇంకెక్కడా ఉండదు కదా.

స్పీకర్లే ఎందుకు? ఆంప్లిఫయర్‌కి నిబంధన ఉంది, సీడీకి ప్రమాణం ఉంది, స్పీకర్‌కి అలాంటిదేం లేదు. చెక్క పెట్టె, బయట కొన్న వూఫర్ (బేస్ పలికేది), ట్వీటర్ (ట్రెబుల్ పలికేది), రెండింటి మధ్య ఫ్రీక్వెన్సీలు పంచే చిన్న క్రాసోవర్ బోర్డు. ఎవరైనా బిగించొచ్చు, బాగా బిగించడం మాత్రం కొందరికే వచ్చు, ఆ తేడా పెట్టె మీద ఏ అంకెలోనూ కనిపించదు.

అందుకే అసలు నాటకమంతా షాపులోని వినికిడి గదిలో జరిగేది. గోడ నిండా స్పీకర్లు, మధ్యలో బటన్లున్న స్విచ్ బోర్డు. సేల్స్‌మన్ ఒక బటన్ నొక్కితే పేరున్న స్పీకర్, ఇంకోటి నొక్కితే షాపువాడిది, అదే పాట, అదే ఆంప్లిఫయర్, వాల్యూమ్ గుండీని ఎవరూ ముట్టుకోరు. చూడటానికి ఇంతకన్నా న్యాయమైన పోటీ ఉండదనిపిస్తుంది. కానీ గుండీని ముట్టుకోకపోవడమే కిటుకు. ఒక స్పీకర్ ఒక వాట్‌కి మీటరు దూరంలో 87 డెసిబెల్స్ మోగుతుంది, ఇంకోటి 90 మోగుతుంది అనుకుందాం. ఆ మూడు డెసిబెల్స్ అంటే ఆంప్లిఫయర్ పవర్ రెట్టింపు చేసినంత. చెవి దాన్ని 'ఇది కాస్త గట్టిగా ఉంది' అని అనుకోదు, 'ఇది బాగుంది, నిండుగా ఉంది, గాయకుడి గొంతు దగ్గరగా ఉంది' అనుకుంటుంది. పైగా తక్కువ శబ్దంలో బేస్, ట్రెబుల్ మన చెవికి తక్కువగా ఆనుతాయి. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చెప్పిన సంగతి ఇది. అంటే గట్టిగా మోగిన స్పీకర్‌కి బేస్ కూడా ఊరికే కలిసొస్తుంది.

ఇంక దాన్ని గది మూలకు జరిపితే గోడల వల్ల బేస్ ఇంకా పెరుగుతుంది, చెవి ఎత్తులో పెడితే ట్రెబుల్ సూటిగా తగులుతుంది, పక్కదాన్ని కింది అరలో పెడితే దాని గొంతు ముసుగు వేసినట్టు వినిపిస్తుంది. ఎక్కడా ఒక్క అబద్ధం చెప్పక్కర్లేదు. మీ చెవితోనే మీరు తీర్పు చెప్పారు, సేల్స్‌మన్ నోరు కూడా విప్పలేదు. పైపెచ్చు అతనికి సొంత బ్రాండ్ జత అమ్మితే జీతం మీద వేరే డబ్బు, ఆ వ్యాపారంలో దాన్ని స్పిఫ్ అంటారు. ప్రతి షాపూ ఇదే చేసిందని నేననను. కానీ రెండు స్పీకర్లను ఒకే శబ్దస్థాయికి సరిచేసి వినిపించమని అడిగితే ఆ గదిలో టెన్షన్ మొదలయ్యేదా లేదా అన్నది మంచి పరీక్ష, ఇవాళ్టికీ పనికొస్తుంది.

ఇంతవరకు చదివి సొంత బ్రాండంతా మోసమే అనుకుంటే అది కూడా తప్పే, ఎందుకంటే రేడియోషాక్ ఉంది. 1921లో బోస్టన్‌లో మొదలైన ఆ షాపు 1963లో చితికిపోయే దశలో చార్ల్స్ టాండీ చేతికి వచ్చింది. ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి సరుకుల పట్టికను 40,000 రకాల నుంచి సుమారు 2,500కి కోసేయడం, మిగిలినవాటిలో పేరున్న బ్రాండ్ల స్థానంలో సొంత పేర్లు పెట్టడం. రియలిస్టిక్ అనే సొంత బ్రాండ్ అలా ఇంటింటికీ చేరింది. జీతమంతా సౌండ్ సిస్టమ్ మీద పోసేవాడు నాకు అక్కర్లేదన్నది ఆయన లెక్క. పెద్ద పెద్ద షోరూమ్‌లు కాదు, ఊరూరా చిన్న చిన్న కొట్లు. అమెరికాలో చిన్న ఊళ్లో ఉండేవాడికి మరాంట్జ్ డీలర్ దగ్గరికి పోవాలంటే గంటల ప్రయాణం, రేడియోషాక్ అయితే ఎక్కడో దగ్గర్లోనే ఉంటుంది. ఫ్యూజ్ కావాలన్నా, ప్లగ్ కావాలన్నా, టర్న్‌టేబుల్ సూది కావాలన్నా అదే కౌంటర్. చెడితే తీసుకెళ్లి పెట్టేదీ ఆ కౌంటర్ మీదే, మాకు సంబంధం లేదు, కంపెనీకి రాయండి అనే మాట అక్కడ చెల్లదు, ఆ కంపెనీ కూడా వాళ్లదే కదా. సొంత బ్రాండ్‌లో కొనేవాడికి దొరికే అతి పెద్ద సుఖం ఇదేనని నా అభిప్రాయం, ధర తర్వాతి సంగతి.

సరుకు కూడా తీసిపారేసేది కాదు. మినిమస్-7 అని చిన్న స్పీకర్ ఉండేది, నాలుగంగుళాల వూఫర్, అంగుళం డోమ్ ట్వీటర్, పెట్టె చెక్కది కాదు, పోత అల్యూమినియం. చేతిలోకి తీసుకుంటే చూపుకన్నా బరువు. తట్టి చూస్తే పెట్టె మోగదు. అంత చిన్నదానికి లోతైన బేస్ రాదు, అది భౌతికశాస్త్రం, కానీ మనిషి గొంతు శుభ్రంగా పలికేది. ఖరీదైన సిస్టమ్ ఉన్నవాళ్లు కూడా వంటింటికో రెండో గదికో ఇవి కొనుక్కునేవాళ్లు, ఇప్పటికీ వాటి క్రాసోవర్ మార్చుకుని వాడేవాళ్లున్నారు. షాపువాడి బ్రాండ్ అని మూతి విరిచేవాళ్లకు దీన్ని చూపించి ఊరుకోవచ్చు.

ఇంగ్లండ్‌లో రెండు రకాల కథలూ కనిపిస్తాయి. డిక్సన్స్ అనే దుకాణాలవాళ్లు తమ సరుకుకి మత్సుయి, సైషో అని జపాన్ కంపెనీల్లా వినిపించే పేర్లు పెట్టారు, జపాన్ ఎలక్ట్రానిక్స్ అంటే జనానికి ఉన్న గురిని అలా పేరులోకి లాగేశారు. రిచర్ సౌండ్స్ అనే ఇంకో దుకాణాల దారి వేరు. కేంబ్రిడ్జ్ ఆడియో 1968లో మొదలైన నిజమైన కంపెనీ, తర్వాత ఇబ్బందుల్లో చేతులు మారుతూ వచ్చింది, 1994లో రిచర్ సౌండ్స్ యజమాని జూలియన్ రిచర్ భాగస్వామిగా ఉన్న సంస్థ దాన్ని కొన్నది. ఆయన షాపుల్లోనే అమ్ముడయ్యే సరుకుగా కొన్నాళ్లు నడిచి, ఇంజినీరింగ్ మీద డబ్బు పెట్టడంతో చివరికి ప్రపంచమంతా వేరే డీలర్లు కూడా అమ్మే బ్రాండ్ అయింది. అక్కడిదాకా వచ్చాక దాన్ని ఇంకా షాపు బ్రాండ్ అనాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది.

నష్టం ఎక్కడంటే, నమ్మింది షాపును కాబట్టి షాపు పోతే అన్నీ పోతాయి. పసిఫిక్ స్టీరియో 1980ల్లో మూతపడింది. రేడియోషాక్ ముందు రియలిస్టిక్ పేరును వదిలి ఆప్టిమస్ అంది, తర్వాత దాన్నీ వదిలేసింది, 2015లో కంపెనీయే దివాలాకి దరఖాస్తు పెట్టింది. వారంటీ కాగితం చేతిలో ఉంటుంది, పట్టుకెళ్లడానికి కౌంటర్ ఉండదు. మళ్లీ అమ్ముకుందామన్నా పేరున్న బ్రాండ్‌కి వచ్చినంత రాదు, మినిమస్ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయితే పాత రోజుల పెట్టెకు ఒక సౌకర్యం ఉంది, లోపల మామూలు కెపాసిటర్లు, మామూలు ట్రాన్సిస్టర్లు, అసలు ఫ్యాక్టరీ ఏదో కనుక్కుంటే దాని సోదర మోడల్ సర్వీస్ మాన్యువల్ పట్టుకుని మంచి మెకానిక్ బాగుచేసేస్తాడు.

యాప్‌తో నడిచే సరుకుకి ఆ దారి కూడా లేదు. అమెరికాలో బెస్ట్ బై అనే దుకాణాలవాళ్ల సొంత బ్రాండ్ ఇన్సిగ్నియా కింద ఇంట్లో వాడే స్మార్ట్ ప్లగ్గులు, కెమెరాల్లాంటివి అమ్మేవారు, 2019 నవంబరులో వాటిని నడిపే యాప్‌నే ఆపేశారు. కొన్నవాళ్లకు కొంత గిఫ్ట్ కార్డ్ రూపంలో ఇచ్చారు, కానీ కెమెరా పనికిరాకుండా పోయింది, మిగతావి 'స్మార్ట్' పోగొట్టుకున్నాయి. అవి స్పీకర్లు కావు, సరే, కానీ ఇప్పుడు వచ్చే వైర్‌లెస్ స్పీకర్లలో యాప్‌తో నడిచేవి బతికేదీ అలాంటి యాప్‌ల మీద, వాటి వెనకున్న కంపెనీ సర్వర్ల మీదే. పేరున్న కంపెనీలు మాత్రం శాశ్వతమా అంటే కాదు, కాకపోతే సౌండ్ తప్ప వేరే వ్యాపారం లేనివాడు యాప్‌ను ఆపేయడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు, వెయ్యి సరుకులమ్మే షాపుకి అది పట్టికలో ఒక గీత.

అందుకని నా పద్ధతి ఇది. వైర్లు, కేబుళ్లు షాపు బ్రాండే తీసుకుంటాను, రాగి తీగకు ఇంటిపేరు అక్కర్లేదు, తగినంత లావుంటే చాలు. ఆంప్లిఫయర్ కూడా సరే, ఛానెల్‌కి ఎన్ని వాట్లో, ఎన్ని ఓమ్‌ల మీదో, ఎంత డిస్టార్షన్‌తోనో మూడూ రాసి ఉంటే. ఒట్టి పెద్ద అంకె మాత్రమే ఉంటే వద్దు. టర్న్‌టేబుల్ అయితే సూది విడిగా దొరికే రకమో కాదో చూస్తాను. స్పీకర్లు మాత్రం ఇంటికి తీసుకెళ్లి నాలుగు రోజులు విని, నచ్చకపోతే వెనక్కి ఇచ్చే వీలుంటేనే, ఆ షరతు బిల్లు మీద రాయించుకునే. వైర్‌లెస్ స్పీకర్ తీసుకోక తప్పకపోతే షాపులోనే దాన్ని వెనక్కి తిప్పి, మామూలు ఆడియో కేబుల్ గుచ్చే సాకెట్ ఉందా, యాప్ తెరవకుండా దాంట్లోంచి పాట మోగుతుందా అని ఫోన్ పెట్టి అక్కడికక్కడే చూస్తాను.